374 గుర్రాలు... పగ్గాలు ఎవరి చేతిలో?

టర్బో ఇంజిన్. నాలుగు చక్రాలకూ బలం. యాక్సిలరేటర్ మీద కాలు పెడితే వీపు సీటుకు అతుక్కుంటుంది. పెర్ఫార్మెన్స్ సెడాన్ అంటే బొగ్గు బాయిల ఊళ్లలోనూ కుర్రకారుకు మహా మోజు. మోజు తప్పేం కాదు. అయితే కొంటే ఎంతవుతుంది? నడపాలంటే ఏం నేర్చుకోవాలి? ఆ ఇష్టమే మీకు ఉద్యోగం చూపిస్తుందా? ఈ మూడూ తెలిశాక కలగనండి.

గోదావరిఖని చౌరస్తాలో ఇలాంటి కారు ఒకటి ఆగిందనుకోండి... చుట్టూ పది ఫోన్లు లేస్తాయి. ‘జీరో టు హండ్రెడ్ ఎంతనే అన్నా?’ అన్నది మొదటి ప్రశ్న. ‘ఎంత పెట్టి కొన్నవ్?’ అన్నది రెండోది. మూడో ప్రశ్న మాత్రం ఎవరూ వేయరు. ‘దీన్ని నడపడం ఎక్కడ నేర్చుకున్నవ్?’ అని. అసలు అడగాల్సింది అదే.

మన దేశంలో దొరికే వాటిలో ఒకదాన్ని ఉదాహరణగా తీసుకుందాం. బీఎండబ్ల్యూ ఎం340ఐ ఎక్స్‌డ్రైవ్. 2021లో మన మార్కెట్‌లోకి వచ్చింది. చెన్నై ప్లాంటులోనే బిగిస్తున్నారు. 2022 డిసెంబరులో వచ్చిన కొత్త రూపం లెక్కలు చూడండి: మూడు లీటర్ల ఆరు సిలిండర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 374 హార్స్‌పవర్, 500 న్యూటన్ మీటర్ల టార్క్. నిలబడ్డ చోటు నుంచి వంద కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 4.4 సెకన్లు. అయిదు ఆల్టో కె10ల బలం కలిపినా దీనికి తక్కువే. కానీ ఆల్టోకూ, దీనికీ ఆర్టీఏ ఆఫీసులో ఇచ్చే లైసెన్సు ఒక్కటే... ఎల్ఎంవీ!

టర్బో మనకు కొత్తేమీ కాదు

ఓపెన్‌కాస్టుల్లో మట్టి, బొగ్గు మోసే వంద టన్నుల డంపర్లను చూసే ఉంటారు. వాటి డీజిల్ ఇంజిన్లలో ఉండేదీ టర్బోనే. స్విట్జర్లాండ్ ఇంజినీరు ఆల్ఫ్రెడ్ బ్యూకీ 1905లోనే ఈ ఆలోచనకు పేటెంట్ తీసుకున్నారు.

ఎలా పనిచేస్తుందో మన ఊరి భాషలోనే చెప్పుకొందాం. ఎన్టీపీసీలో బొగ్గు మండించి పుట్టించిన ఆవిరి టర్బైన్‌ను తిప్పుతుంది కదా! కారులో సైలెన్సర్ దారిన వృథాగా పోయే వేడి పొగ ఒక చిన్న టర్బైన్ చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో చివర ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని నొక్కిపట్టి ఇంజిన్‌లోకి పంపుతుంది. గాలి ఎక్కువ, దానికి తగ్గట్టు పెట్రోలు ఎక్కువ, అందుకే బలమూ ఎక్కువ. ఎన్టీపీసీ టర్బైన్ నిమిషానికి 3000 చుట్లు తిరిగితే, అరచేతిలో పట్టే ఈ టర్బో లక్షకు పైగా తిరుగుతుంది. పెట్రోలు ఇంజిన్‌లో దాన్ని తాకే పొగ వేడి 900 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది.

ఇంత వేగం, ఇంత వేడి అంటే యజమానికి మూడు పనులు తప్పవు.

ఒకటి, ఆయిల్. టర్బో ఇరుసు పల్చటి ఆయిల్ పొర మీదే తిరుగుతుంది. కంపెనీ చెప్పిన గ్రేడే పోయించాలి. గడువు దాటనివ్వకూడదు. పొద్దున్నే స్టార్ట్ చేయగానే దంచి కొట్టొద్దు. ఆయిల్ వేడెక్కేదాకా నెమ్మదిగా పోనివ్వాలి. గట్టిగా నడిపి వచ్చినప్పుడు చివరి రెండు మూడు కిలోమీటర్లు నింపాదిగా వస్తే టర్బో చల్లబడుతుంది.

రెండోది, గాలి. వేడి గాలి పల్చగా ఉంటుంది. అందుకే దాన్ని చల్లార్చడానికి ఇంటర్‌కూలర్ పెడతారు. రామగుండం ఎండాకాలం 45 డిగ్రీలు అంటే మనకు అలవాటే. ఆ ఎండలో ఇంటర్‌కూలర్ కూడా ఆయాసపడుతుంది. వీడియోలో చూసిన 4.4 సెకన్లు మే నెల మిట్టమధ్యాహ్నం ఇక్కడ రాకపోవచ్చు. బండి పాడైందని కంగారు పడొద్దు.

మూడోది, దుమ్ము. బొగ్గు దుమ్ము, బూడిద ఎగిరే చోట ఎయిర్ ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది. సర్వీస్ పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగకుండా ముందే తీసి చూపించుకోవాలి.

పెట్రోలు సంగతి కూడా చూసుకోవాలి. మూత లోపలి వైపు ఎంత ఆక్టేన్ కావాలో రాసి ఉంటుంది. అంతకు తక్కువ పోయిస్తే ఇంజిన్ తనను తాను కాపాడుకోవడానికి బలం తగ్గించేస్తుంది. అరకోటి దాటిన కారులో లీటరుకు కొన్ని రూపాయలు మిగుల్చుకోవడం దండగ పని.

నాలుగు చక్రాలూ లాగితే...

మామూలు కార్లలో ముందు రెండు చక్రాలకో, వెనక రెండింటికో ఇంజిన్ బలం వెళ్తుంది. బలం మరీ ఎక్కువైతే ఆ రెండు టైర్లూ రోడ్డును పట్టుకోలేక జారుతూ తిరుగుతాయి. బలాన్ని నాలుగింటికీ పంచితే ఒక్కో టైరు మీద భారం తగ్గుతుంది. వాన రోడ్డు మీద బయల్దేరేటప్పుడు, మలుపు తిరిగి బయటికొచ్చేటప్పుడు తేడా తెలుస్తుంది.

ఈ కిటుకును లోకానికి గట్టిగా చూపించింది ఆడి. 1980లో జెనీవా మోటార్ షోలో ‘క్వాట్రో’ను బయటపెట్టింది. టర్బో, నాలుగు చక్రాల డ్రైవ్ రెండూ ఉన్న ఆ కారుతోనే ఫ్రాన్స్‌కు చెందిన మిషెల్ మూటన్ 1981లో ఇటలీలోని సాన్రెమో ర్యాలీ గెలిచారు. ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో ఒక రౌండ్ గెలిచిన తొలి మహిళ ఆమె. తర్వాత సుబారు ఇంప్రెజా, మిత్సుబిషి లాన్సర్ ఎవల్యూషన్ ఆ దారిలోనే పేరు తెచ్చుకున్నాయి. మన గౌరవ్ గిల్ 2016, 2017లో ఆసియా పసిఫిక్ ర్యాలీ టైటిళ్లు గెలిచిన స్కోడా ఫాబియా ఆర్5 కూడా టర్బో, నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్నదే. 2019లో ఆయనకు అర్జున అవార్డు వచ్చింది. మోటార్ స్పోర్ట్స్‌లో ఆ అవార్డు అందుకున్న తొలి వ్యక్తి ఆయనే.

ఇక్కడే చాలామంది పొరబడతారు. నాలుగు చక్రాల డ్రైవ్ కారును ముందుకు తీసుకెళ్లడానికి సాయపడుతుంది. ఆపడానికి కాదు! బ్రేకు కొట్టినప్పుడు ఆల్టోకూ నాలుగు టైర్లే, దీనికీ నాలుగు టైర్లే. పైగా దీని బరువు ఎక్కువ. తడి రోడ్డు మీద జారకుండా దూసుకెళ్లింది కదా అని, అంతే తేలిగ్గా ఆగుతుందనుకుంటే ప్రాణం మీదికి వస్తుంది.

లెక్క చూడండి. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు మీద కాలు పెట్టడానికి ఒక సెకను పడుతుందనుకుందాం. మంచి టైర్లు, పొడి రోడ్డు. 80 కిలోమీటర్ల వేగంలో ఆగడానికి దాదాపు 57 మీటర్లు కావాలి. 100లో 83 మీటర్లు. 140లో 147 మీటర్లు. వేగం ఒకటిన్నర రెట్లు కూడా కాలేదు, 100తో పోలిస్తే దూరం మాత్రం రెట్టింపుకు దగ్గరైంది. వాన పడితే, రోడ్డు మీద బొగ్గు పొడి ఉంటే ఈ అంకెలు ఇంకా పెరుగుతాయి.

ఏడాది వాటా... రెండు ఈఎంఐలకు చాలదు

ఇక డబ్బు. 2022 డిసెంబరులో ఈ కారు షోరూం ధర 69.20 లక్షల రూపాయలు. అదే ఏడాది మన రాష్ట్రంలో సవరించిన లెక్క ప్రకారం 20 లక్షలు దాటిన కారుకు లైఫ్ ట్యాక్స్ 18 శాతం. అంటే 12.45 లక్షలు. అంటే ఒక చిన్న కారు డబ్బు పన్నుకే సరి! బీమా, మిగతా ఖర్చులు కలిపి రోడ్డెక్కేసరికి 84 లక్షల దాకా అవుతుందనుకుందాం. ధరలు, పన్నులు ఆ తర్వాత మారాయి. లెక్కేసే తీరు మాత్రం ఇదే.

24 లక్షలు చేతి నుంచి కట్టి, 60 లక్షలు లోన్ తీసుకున్నారనుకోండి. 9 శాతం వడ్డీ, ఏడేళ్ల గడువు. నెలకు దాదాపు 96,500 రూపాయలు కట్టాలి. గడువు తీరేసరికి వడ్డీకే 21 లక్షలు పోతాయి. లీటరుకు 8 కిలోమీటర్లు వస్తుందనుకుని, లీటరు 107 రూపాయల లెక్కన నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే పెట్రోలుకు 13 వేల పైమాటే. ఏటా బీమా, సర్వీసింగ్, టైర్లు. నాలుగు టైర్ల సెట్టు లక్ష దాటడం మామూలే. అన్నీ కలిపితే నెలకు లక్షా పాతిక వేలు సులువుగా దాటుతుంది.

మన ఊరి కొలతలో చెప్పాలంటే... 2024లో దసరాకు ముందు సింగరేణి ప్రకటించిన లాభాల వాటా 33 శాతం, మొత్తం 796 కోట్ల రూపాయలు. ఒక్కో కార్మికుడికి సగటున వచ్చింది 1.90 లక్షలు. ఏడాదంతా మస్టర్లు పడితే వచ్చే ఆ వాటా ఈ కారు రెండు నెలల ఈఎంఐకి కూడా పూర్తిగా చాలదు!

ఒక చిన్న కొలబద్ద పెట్టుకోండి. కారు మీద నెలకు పెట్టేదంతా కలిపి మీ చేతికొచ్చే జీతంలో ఆరో వంతు దాటకూడదు. ఆ లెక్కన ఈ కారుకు నెలకు ఏడున్నర లక్షలు రావాలి. మీకు వస్తుంటే హాయిగా కొనుక్కోండి. రాకపోతే నాన్న బాయి దిగి కూడబెట్టిన గ్రాట్యుటీ, సీఎంపీఎఫ్ డబ్బుల వైపు మాత్రం చూడొద్దు. ఆ డబ్బు అమ్మానాన్నల మందులకు, ఇంటికి, చెల్లి చదువుకు. కారు ధర ఏటా దిగిపోతూనే ఉంటుంది. ఆ ఖర్చులు దిగవు.

సెకండ్‌హ్యాండ్‌ అయితే?

‘కొత్తది కాదు, హైదరాబాద్‌లో పాతది సగం ధరకే దొరుకుతుంది’ అంటారా? నిజమే. ధర సగమవుతుంది, విడిభాగాల ధర సగం కాదు. 70 లక్షల కారు 30 లక్షలకు వచ్చినా దాని టర్బో, గేర్‌బాక్స్ 70 లక్షల కారువే. అందుకే ఇవి చూడకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు:

- సర్వీస్ రికార్డు మొత్తం ఉండాలి. మధ్యలో రెండేళ్లు ఖాళీ ఉంటే వదిలేయండి.
- రాత్రంతా ఆపి ఉంచిన బండిని మీ ఎదుటే స్టార్ట్ చేయించండి. నీలం పొగ వస్తే ఇంజిన్‌లో ఆయిల్ మండుతున్నట్టు.
- నాలుగు టైర్లూ ఒకే కంపెనీవేనా, అరుగుదల దగ్గరదగ్గరగా ఉందా చూడండి. తేడా ఎక్కువుంటే నాలుగు చక్రాలకు బలం పంచే క్లచ్‌ల మీద అనవసర భారం పడుతుంది.
- కంప్యూటర్ స్కాన్ తప్పనిసరి. ‘స్టేజ్ వన్ ట్యూన్’ పేరుతో ఇంజిన్ సాఫ్ట్‌వేర్ మార్చారేమో అడగండి. మార్చి ఉంటే కంపెనీ వారంటీ వర్తించకపోవచ్చు.
- వరదలో మునిగిన బండి కాదని రూఢి చేసుకోండి. సీటు కింద రైళ్లకు తుప్పు, కార్పెట్ కింద బురద ఉంటే వెనక్కి వచ్చేయండి.
- ఆర్సీ మీద లోన్ ఉంటే బ్యాంకు ఎన్‌వోసీ చేతికొచ్చాకే డబ్బు.

ఇంకో మాట. ఇలాంటి కార్లకు కంపెనీ వర్క్‌షాప్ అంటే హైదరాబాద్ వెళ్లాల్సిందే. రెండొందల కిలోమీటర్ల పైమాట. బండి ఆగిపోతే తాడు కట్టి లాగించకూడదు, నాలుగు చక్రాలూ పైకెక్కించే ఫ్లాట్‌బెడ్ బండి రావాలి. బీమాలో రోడ్‌సైడ్ అసిస్టెన్స్ ఉందో లేదో ముందే చూసుకోండి.

రాజీవ్ రహదారి రేస్ ట్రాక్ కాదు

మీరు ఈ కారును ఎక్కువగా నడిపేది ఎక్కడ? రాజీవ్ రహదారి మీద. నాలుగు వరుసలే, బాగానే ఉంటుంది. కానీ దాని మీద మీరొక్కరే ఉండరు. బొగ్గు టిప్పర్లు, సిమెంటు లారీలు, యూటర్న్ దూరమని ఎదురొచ్చే బైకులు, గొర్ల మందలు. కోతల కాలం వస్తే పెద్దపల్లి, సుల్తానాబాద్ వైపు రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, చుట్టూ పెట్టిన రాళ్లు. రాత్రి పూట ఆ నల్ల పట్టా, రాయి హెడ్‌లైట్ వెలుగులో పడేసరికి ఎంత దూరం మిగులుతుంది? పైన చెప్పిన 147 మీటర్లు ఓసారి గుర్తుచేసుకోండి.

2018లో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం నాలుగు వరుసల రోడ్డు మీద కారుకు గరిష్ఠ వేగం 100. రాష్ట్రాలు దాన్ని తగ్గించవచ్చు కాబట్టి రోడ్డు పక్క బోర్డులో ఉన్నదే లెక్క. అంటే 4.4 సెకన్లలో మీ చట్టబద్ధమైన సరదా అయిపోయినట్టే! రోడ్డు మీద పందేలు మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద నేరం.

కాలనీ రోడ్ల సంగతి వేరే. ఎయిట్ ఇంక్లయిన్ కాలనీ స్పీడ్ బ్రేకర్ల మీద కింది భాగం గీసుకోకుండా ఈ కారును దాటించడమే ఒక విద్య. టైరు అంచు పల్చగా ఉంటుంది. గుంతలో పడితే టైరుతో పాటు రిమ్ము కూడా పోతుంది. వారానికోసారి బండి చల్లగా ఉన్నప్పుడు గాలి చూసుకోవాలి. నైట్ షిఫ్టు దిగి నేరుగా స్టీరింగ్ పట్టుకోవద్దు. నిద్ర మత్తులో ఆ ఒక్క సెకను రెండవుతుంది.

డంపర్‌కు శిక్షణ ఉంది... దీనికి?

మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఒక ఈపీ ఆపరేటర్ ఉండే ఉంటారు. బాబాయినో, మామనో అడగండి, డంపర్ ఎలా ఎక్కారో. గనిలోకి కొత్తగా వెళ్లే ఎవరికైనా 1966 నాటి వొకేషనల్ ట్రెయినింగ్ రూల్స్ ప్రకారం వీటీసీలో శిక్షణ ఉంటుంది. భారీ యంత్రం నడపాలంటే మేనేజర్ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఎక్కే ముందు బ్రేకులు, టైర్లు, లైట్లు, హారన్ చూసుకోవాలి. హాల్ రోడ్డు మీద వేగానికి పరిమితి ఉంటుంది. అంత బలమైన యంత్రాన్ని అంత పద్ధతిగా నడిపే ఊరు మనది. గని గేటు దాటి బయటికి రాగానే ఆ పద్ధతి ఎందుకు వదిలేయాలి?

మీకు మీరే ఒక వీటీసీ పెట్టుకోండి. ముందుగా సీటు. వీపు పూర్తిగా ఆనించి కూర్చుంటే మణికట్టు స్టీరింగ్ పైఅంచుకు అందాలి, బ్రేకు పూర్తిగా నొక్కినా మోకాలు కొద్దిగా వంగే ఉండాలి. తర్వాత బ్రేకు. ఖాళీ మైదానంలో, అనుమతి ఉన్న చోట, తెలిసినవారిని పక్కన కూర్చోబెట్టుకుని 40 వేగంలో పూర్తి బలంతో బ్రేకు కొట్టి చూడండి. పాదం కింద ఏబీఎస్ గడగడలాడుతుంది. భయపడి కాలు తీసేయకూడదు. ఈ ఒక్కటి ముందే తెలిసి ఉండటం ఎందరినో కాపాడుతుంది. ఇక మోడ్‌లు. మొదటి ఆరు నెలలు కంఫర్ట్ మోడ్ చాలు. స్టెబిలిటీ కంట్రోల్‌ను రోడ్డు మీద ఎప్పుడూ ఆపొద్దు.

వేగమే కావాలంటే దానికీ చోట్లున్నాయి. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్, కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే. పోటీల్లో దిగాలంటే ఎఫ్ఎంఎస్‌సీఐ లైసెన్సు తీసుకోవాలి. అంతకన్నా ముందు హైదరాబాద్‌లో గో-కార్టింగ్‌తో మొదలుపెట్టండి. మలుపులో కారు బరువు ఎటు మళ్లుతుందో కొన్ని వందల రూపాయలతో అర్థమవుతుంది. తర్వాత మెట్టుగా స్కోడా స్లావియా, ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ లాంటివి ఉన్నాయి. టర్బో పెట్రోల్ సెడాన్లు, 1.5 లీటర్ల ఇంజిన్‌తో 150 పీఎస్ బలం. ముందు చక్రాల డ్రైవే, అయినా నేర్చుకోవడానికి కావాల్సినంత ఉంది.

కొనే దారి కాకపోతే... చేసే దారి

కారు సొంతం కాకపోయినా దాని బానెట్ తెరిచే హక్కు సంపాదించొచ్చు. పదో తరగతి చేసినవాళ్లకు ఐటీఐలో మోటార్ వెహికల్ మెకానిక్, డీజిల్ మెకానిక్ ట్రేడ్‌లున్నాయి. సింగరేణిలో అప్రెంటిస్‌షిప్ దొరికితే డంపర్ టర్బో విప్పి బిగించే చేతి పని వస్తుంది. లగ్జరీ కార్ల వర్క్‌షాపులకు కావాల్సింది ఆ చేతికి తోడు స్కానర్ చదవగలిగే బుర్ర, ఇంగ్లిష్ మాన్యువల్ అర్థం చేసుకునే ఓపిక. ఆటోమొబైల్ డిప్లొమా వాళ్లకు మెర్సిడెస్ ‘ఆడమ్’ లాంటి మెకట్రానిక్స్ కోర్సులున్నాయి.

ఇంజినీరింగ్ చదివేవాళ్లు ఫార్ములా భారత్, బాహా ఎస్ఏఈ ఇండియా, సుప్రా పోటీలకు జట్టు కట్టండి. సెంటినరీ కాలనీలోని మంథని జేఎన్‌టీయూ కాలేజీ పక్కనే ఓపెన్‌కాస్టులున్నాయి. భారీ యంత్రాలను అంత దగ్గర నుంచి చూసే అవకాశం నగరాల్లో చదివేవాళ్లకు లేదు. ఇంజిన్ కంట్రోల్ యూనిట్ కాలిబ్రేషన్, క్యాన్ నెట్‌వర్క్, మ్యాట్‌ల్యాబ్ వస్తే హైదరాబాద్‌లోనే జెడ్ఎఫ్, హ్యుందాయ్ ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. విద్యుత్ వాహనాలనూ వదలొద్దు. ముందో మోటారు, వెనకో మోటారు పెడితే నాలుగు చక్రాల డ్రైవ్ టర్బో లేకుండానే వచ్చేస్తుంది. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున దేశంలోనే తొలి ఫార్ములా-ఈ రేసు జరిగింది. రానున్న పని ఎటు వైపో అర్థమైనట్టే కదా!

సరే, రేపో ఎల్లుండో షోరూంలో టెస్ట్ డ్రైవ్‌కు పోదామనుకుంటున్నారా? పోయే ముందు కాగితం మీద మూడు అంకెలు రాసుకోండి. మీ జీతంలో ఆరో వంతు ఎంత? మీరు రోజూ వెళ్లే వేగంలో కారు ఆగడానికి ఎన్ని మీటర్లు కావాలి? పూర్తి బ్రేకు కొట్టడం ఇప్పటిదాకా ఎన్నిసార్లు సాధన చేశారు? మూడో దాని దగ్గర సున్నా ఉంటే, ముందు దాన్ని దిద్దండి. షోరూం ఎక్కడికీ పోదు.